పాత సైకిల్‌ని రోడ్ బైక్ చేయొచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తాతగారి హెర్క్యులస్ సైకిల్ ఇంట్లో ఉందండి. 24 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. తుప్పు పెద్దగా లేదు. స్నేహితుడి దగ్గర ఫ్రేము విరిగిపోయిన ఒక రోడ్ బైక్ నుంచి తీసిన 700సి (రోడ్ బైక్ సైజు) అల్యూమినియం చక్రాలు, కొనలు కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్, కాలిపర్ బ్రేకులు ఉన్నాయి. ఇవన్నీ దీనికి బిగిస్తే రోడ్ బైక్ అవుతుందా? మా మెకానిక్ "బిగించేద్దాం సార్" అంటున్నాడు, నాకే టెన్షన్‌గా ఉంది. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బిగించొచ్చు, చక్కగా నడుస్తుంది కూడా, కాకపోతే మీ చేతిలో ఉన్న సామాన్లలో సగం నేరుగా పట్టవు. అందుకే పానా పట్టుకునే ముందు ఒక టేపు, వీలైతే ఒక వెర్నియర్ కాలిపర్ పట్టుకోండి.

మొదట బ్రేకుల సంగతి. కాలిపర్ బ్రేకు రబ్బర్లు రిమ్ముని రెండు పక్కల నుంచి నొక్కుతాయి. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కల్ని పట్టవు, లోపలి వైపు నుంచి పైకి లేచి రిమ్ము అడుగుభాగాన్ని పడతాయి. అందుకే ఆ రిమ్ము లోపలి వైపు గుండ్రంగా ఉంటుంది, పక్కన చదునైన గోడ ఉండదు. కాబట్టి పాత రిమ్ములు ఉంచి కాలిపర్ బ్రేకులు వేద్దామంటే కుదరదు, కొత్త రిమ్ములు వేసి రాడ్ బ్రేకులు ఉంచుదామన్నా కుదరదు. రెండూ కలిపే మార్చాలి. మార్చడం మంచిదే. క్రోమ్ పూసిన ఉక్కు రిమ్ము వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదని ఆ సైకిళ్ళు తొక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తడిలో అల్యూమినియం రిమ్ము దానికంటే ఎంతో నయం.

ఇక చక్రం సైజు. మన నల్ల సైకిల్ 28 × 1½ టైరు రిమ్ముమీద కూర్చునే చోట వ్యాసం 635 మి.మీ., 700సిది 622. తేడా 13 మి.మీ., అంటే రిమ్ము ఆరున్నర మి.మీ. లోపలికి జరుగుతుంది. దానికి తోడు పాత ఫ్రేములో మడ్‌గార్డ్ కోసం బోలెడు ఖాళీ వదిలారు. దాంతో ఫోర్కు పైన బ్రేకు బిగించే రంధ్రం నుంచి రిమ్ము పక్కగోడ వరకు దూరం చాలా ఎక్కువ వస్తుంది. రోడ్ బైక్ నుంచి తీసిన మామూలు కాలిపర్ 39 నుంచి 49 మి.మీ. దాకానే అందుతుంది. పొడుగు చేతులవి దొరుకుతాయి, టెక్ట్రో ఆర్559 లాంటివి 55 నుంచి 73 వరకు అందుతాయి. అందుకని చక్రం తాత్కాలికంగా పెట్టి చూసి, రంధ్రం మధ్య నుంచి రిమ్ము గోడ మధ్యకి కొలవండి. 73 దాటిందా, ఆ ఫోర్కుతో పని జరగదు. అసలు రంధ్రమే లేకపోతే పాత ఫోర్కుకి డ్రిల్ కొట్టించకండి. అదే 1 అంగుళం గొట్టం, అదే పొడవు, అదే మర ఉన్న వేరే ఉక్కు ఫోర్కు వెతకండి. మన ప్రాణం ఆ ఫోర్కు మీదే ఉంటుంది. అక్కడ ప్రయోగాలు వద్దు.

వెనక చక్రం పాత ఫ్రేములో కూర్చోదు. రోడ్ బైక్ వెనక హబ్బు 130 మి.మీ. వెడల్పు, మీ ఫ్రేములో ఖాళీ 110 దగ్గర ఉంటుంది. ఉక్కు కాబట్టి కొంత విప్పొచ్చు (దాని గురించి కింద ఇంకో ప్రశ్న వచ్చింది), కానీ 20 మి.మీ. విప్పమని నేను చెప్పను. ఆ రిమ్మునే ఉంచి, సింగిల్ ఫ్రీవీల్ పట్టే తక్కువ వెడల్పు హబ్బు ఒకటి కొని, పుల్లలు (స్పోకులు) కొత్తగా కట్టించుకోండి. పాత హబ్బునే వాడదామని మెకానిక్ అంటే పుల్లల రంధ్రాలు లెక్కపెట్టమనండి. మన పాత సైకిళ్ళకి ముందు 32, వెనక 40 ఉంటాయి, అల్యూమినియం రిమ్ములు ఎక్కువగా 36 వో 32 వో. 40 రంధ్రాల హబ్బుకి 36 రిమ్ము కట్టడం అయ్యే పని కాదు. ముందు చక్రం విషయంలో అంత బాధ లేదు. రోడ్ బైక్ ఇరుసు 9 మి.మీ., చాలా పాత ఫోర్కుల్లో గాడి 8 కి దగ్గరగా ఉంటుంది, ఆకురాయితో రెండు వైపులా సమానంగా కొంచెం రాస్తే పడుతుంది. ఫోర్కు ఖాళీ 100 మి.మీ. కంటే నాలుగైదు తక్కువ ఉంటే చేత్తోనే సర్దుకుంటుంది.

గాలి కొట్టడం కూడా మారుతుంది. మన పాత ట్యూబుకి చిన్న రబ్బరు గొట్టం ఉన్న వాల్వు ఉంటుంది, ఏ పంచరు షాపులోనైనా గాలి కొడతారు. రోడ్ బైక్ ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే మీ వీధి చివర పంపు పట్టదు. ఇత్తడి అడాప్టర్ చిన్నది దొరుకుతుంది, దాన్ని వాల్వుకే తగిలించి ఉంచండి.

గేరు లెక్క కూడా చూద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే. ముందు 44 పళ్ళు, వెనక 18 అనుకుందాం (మీ సైకిల్‌వి లెక్కపెట్టుకోండి, కొన్నిటికి 48 ఉంటాయి). పాత 28 అంగుళాల చక్రంతో పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ దాదాపు 5.46 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 26 కి.మీ. అదే పళ్ళతో 700 × 32 టైరు వేస్తే చక్రం చిన్నదవుతుంది కాబట్టి 5.27 మీటర్లకి పడిపోతుంది, గంటకి 25. అంటే ఇంత ఖర్చు పెట్టి చక్రాలు మార్చాక గేరు తగ్గింది! వెనక 16 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే 5.93 మీటర్లు, గంటకి 28 దాటుతుంది. తెనాలి చుట్టుపక్కల నేలంతా చదునే, 16 బాగానే లాగుతారు. కొండ దారుల్లో ఉండేవాళ్ళకైతే 18 నే ఉంచుకోమంటాను.

అన్నీ అయ్యాక కూడా అది రేసు సైకిల్ అవదు. అందుకు కారణం బరువు కాదు, ఫ్రేము కోణం. రోడ్ బైక్‌లో హ్యాండిల్ గొట్టం (ఫోర్కు దూరే ఫ్రేము గొట్టం) నేలతో 72, 73 డిగ్రీలు చేస్తుంది, మన నల్ల సైకిల్‌లో బాగా వాలి ఉంటుంది, రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం కూడా ఎక్కువ. గతుకుల రోడ్లమీద బస్తా బియ్యం వేసుకుని వెళ్ళడానికి చేసిన ఫ్రేము అది. ఎన్ని సామాన్లు మార్చినా ఆ కోణం మారదు. హ్యాండిల్ తిప్పితే నిదానంగా తిరుగుతుంది, తిన్నగా మాత్రం రాయిలా వెళ్తుంది. పొలం గట్లు, కాలవ రోడ్ల మీద పొడుగు దూరాలు పోవడానికి ఇంతకంటే హాయైన సైకిల్ దొరకదని నా నమ్మకం. దాన్ని అలాగే ఉండనిచ్చి, బ్రేకులు, టైర్లు, గేరు మాత్రం బాగు చేసుకోండి. తీసేసిన రాడ్లు, రిమ్ములు, హ్యాండిల్ అన్నీ గ్రీజు పూసి గోనెసంచిలో దాచండి. ఫ్రేముకి కోత, వెల్డింగ్ ఏదీ వద్దు, రేపు మీ పిల్లలు తాతగారి సైకిల్ మళ్ళీ పాతలాగే కావాలంటే ఒక పూటలో బిగించేలా ఉండాలి.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. గరాజ్ సేల్‌లో పాత క్రూజర్ సైకిల్ ఒకటి చవగ్గా వచ్చింది. లావు టైర్లు, వెడల్పు హ్యాండిల్, వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది, ఇంకో బ్రేకు లేదు. పాత రోడ్ బైక్ సామాన్లతో దీన్ని గేర్లున్న రోడ్ బైక్‌గా మార్చాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ వెనక బ్రేకు దగ్గరే మొదలుపెట్టండి, ఎందుకంటే మీరు చేయబోయే పనిలో మొట్టమొదట పోయేది అదే. వెనక్కి తొక్కే బ్రేకు, డిరైలర్ గేర్లు (చైనుని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేవి) ఒకే సైకిల్‌లో ఉండలేవు. వెనక్కి తొక్కినప్పుడు చైను కింది భాగం బిగుసుకోవాలి, డిరైలర్‌లో అక్కడే స్ప్రింగుతో కదిలే చేయి ఉంటుంది, ఆ లాగుడుకి అది విరిగిపోతుంది. కాబట్టి గేర్ల చక్రం వేసిన మరుక్షణం మీ సైకిల్‌కి అసలు బ్రేకే ఉండదు. కొత్త బ్రేకులు రెండూ బిగించి పరీక్షించేదాకా గేట్ దాటి రోడ్డెక్కకండి.

ఒక విషయం మీకు కలిసొస్తుంది. 26 × 2.125 లావు టైరుతో క్రూజర్ చక్రం మొత్తం ఎత్తు 667 మి.మీ. దాకా వస్తుంది, 700 × 28 సన్న టైరుతో రోడ్ చక్రం 678. దాదాపు ఒకటే! అందుకే చాలా క్రూజర్ ఫ్రేముల్లో 700సి చక్రం తేలిగ్గా పడుతుంది, పెడళ్ళు నేలకి తగిలేంత కిందికి కూడా దిగవు. బ్రేకు రంధ్రం ఉంటే పైన చెప్పిన పొడుగు చేతుల కాలిపర్ సాధారణంగా అందుతుంది, అయినా కొలిచాకే కొనండి. వెనక చక్రం పైన సన్నటి అడ్డ గొట్టంలో మడ్‌గార్డ్ కోసం రంధ్రం ఉంటే వెనక బ్రేకు అక్కడ కూర్చుంటుంది. రెండు చోట్లా రంధ్రాలు లేకపోతే గేర్ల ఆలోచన మానుకుని, వెనక బ్రేకు హబ్బు అలాగే ఉంచి, ముందు బ్రేకు ఉన్న ఫోర్కు ఒకటి వెతికి వేసుకోవడమే తెలివైన పని.

పెడళ్ళు, క్రాంక్ విషయంలో చాలామంది డబ్బు వృథా చేస్తారు. పాత అమెరికన్ క్రూజర్లలో క్రాంక్ మొత్తం ఒకే ఉక్కు ముక్క, ఒక పెడల్ చేయి దగ్గర మొదలై ఫ్రేము గుండా దూరి రెండో చేతి దాకా వంగి ఉంటుంది. దాని పెడల్ మర అర అంగుళం, మీ దగ్గరున్న రోడ్ పెడళ్ళది 9/16. పట్టవు. ఫ్రేములో క్రాంక్ కూర్చునే గొట్టం కూడా 51 మి.మీ. పైన వెడల్పుగా, మర లేకుండా ఉంటుంది. రోడ్ క్రాంక్ వేయాలంటే దానికని అడాప్టర్ కొనాలి. నన్నడిగితే ఆ ఒక్క ముక్క క్రాంకునే శుభ్రం చేసి, గ్రీజు మార్చి, వాడుకోండి. బరువే తప్ప దానికి వచ్చిన లోటు లేదు. హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి పట్టి ఉంచే ముక్క) కూడా చూసుకోవాలి, కొన్ని అమెరికన్ క్రూజర్లకి 21.1 మి.మీ., రోడ్ బైకులకి 22.2. ఒక మి.మీ.యే కదా అని సుత్తితో దించకండి.

ఇంకో దారి చెప్తాను, నిజానికి నేను మీకు సిఫార్సు చేసేది ఇదే. రోడ్ బైక్ సామాన్లు వెతకడం మాని, షాక్ అబ్జార్బర్ లేని పాత 26 అంగుళాల మౌంటెన్ బైక్ ఒకటి సామాన్ల కోసం వెతకండి. టైరు రిమ్ముమీద కూర్చునే చోట దాని చక్రాల వ్యాసమూ 559 మి.మీ., మీ క్రూజర్ లావు టైర్ల చక్రాలదీ ఎక్కువగా అదే 559 (పాత ష్విన్ 26 × 1¾ అయితే మాత్రం 571, టైరు మీద అంకె చదవండి). దాని సన్న రిమ్ములకి 1.5 అంగుళాల నున్నటి టైర్లు వేస్తే రోడ్డు మీద జారిపోతున్నట్టు వెళ్తుంది. క్రూజర్ వెడల్పు రిమ్ము మీద మాత్రం సన్న టైరు ఎక్కించొద్దు. మీ దగ్గర్లో కమ్యూనిటీ సైకిల్ వర్క్‌షాప్ ఉంటే వెళ్ళండి, అమెరికాలో చాలా ఊళ్ళలో ఉన్నాయి, పాత సామాన్లు తక్కువకి ఇస్తారు, పనిముట్లూ వాడుకోనిస్తారు.

క్రూజర్లని మార్చడంలో మీరు మొదటివారేమీ కాదు. ష్విన్ కంపెనీ 1933లో లావు టైర్ల సైకిల్ తెచ్చింది, నలభై ఏళ్ళ తర్వాత కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ కుర్రాళ్ళు ఆ పాత ఫ్రేములకే గేర్లు, గట్టి బ్రేకులు బిగించి కొండల మీంచి దించారు. 1976లో మొదలైన వాళ్ళ పందెం పేరు రీప్యాక్. మొదట్లో వెనక్కి తొక్కే బ్రేకు సైకిళ్ళతోనే దిగేవాళ్ళు, దిగేసరికి ఆ బ్రేకు హబ్బులో గ్రీజంతా మరిగి పొగై పోయేది, మళ్ళీ నింపుకోవాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. మౌంటెన్ బైక్ పుట్టింది అలా. చూశారా, క్రూజర్ ఫ్రేము కొండకి అతికినంత తేలిగ్గా రేసు రోడ్డుకి అతకదు. పెడళ్ళు సీటుకి బాగా ముందుకి ఉండే రకం క్రూజర్ అయితే డ్రాప్ హ్యాండిల్ వేయనేవద్దు, నడుం విరుగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీకి మామూలు సైకిల్ మీద వెళ్తాడు. చక్రాలు అవే ఉంచి డ్రాప్ హ్యాండిల్ ఒక్కటీ వేస్తే స్పీడ్ వస్తుందంటాడు. నిజమేనా? (వరంగల్)

జవాబు: కొంత నిజమే. 20 కి.మీ. వేగం నుంచి 25 కి పెంచితే గాలిని తోయడానికి పెట్టే శక్తి దాదాపు రెండింతలు అవుతుంది, అందుకే వంగి కూర్చుంటే కాళ్ళకి సుఖం. సైకిల్ బరువు మూడు కిలోలు తగ్గించినా చదును రోడ్డు మీద తేడా పెద్దగా తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు, మనిషి సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుంటే, మూడు నాలుగు శాతం శ్రమ తగ్గుతుంది, అంతే.

అయితే డ్రాప్ హ్యాండిల్ చేతుల్ని ఎనిమిది పది సెంటీమీటర్లు ముందుకి లాగుతుంది, పాత స్టెమ్‌తో అయితే బాబు పడుకున్నట్టు తొక్కాలి. దానికి తోడు ఇప్పుడున్న బ్రేకు లీవర్లు డ్రాప్ హ్యాండిల్‌కి పట్టవు, మామూలు హ్యాండిల్ గొట్టం 22.2 మి.మీ., డ్రాప్‌ది 23.8. వేరే లీవర్లు కొన్నా, సైకిల్‌కి వి-బ్రేకులుంటే (రిమ్ముకి రెండు పక్కలా ఒక్కో నిలువు చేయి ఉండేవి) రోడ్ లీవర్ కేబుల్‌ని సరిపడా లాగదు, బ్రేకు మెత్తగా ఉండిపోతుంది. ఇంత గొడవ కంటే ఇప్పుడున్న హ్యాండిల్ తీసి తిన్నటి కడ్డీ హ్యాండిల్ వేయండి, అవే లీవర్లు పడతాయి, ఒళ్ళు వంగుతుంది. టైర్లలో గాలి టైరు పక్కన రాసినంత ఉంచమనండి. కాలేజీ కుర్రాళ్ళ సైకిళ్ళు చాలావరకు సగం గాలితో తిరుగుతుంటాయి, అది సరిచేస్తేనే బాబు అడిగే స్పీడ్‌లో చాలా భాగం పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

ప్రశ్న: ఉక్కు ఫ్రేము వెనక భాగాన్ని విప్పి వెడల్పు హబ్బు పెట్టొచ్చంటారు. ఇంట్లో చేయొచ్చా? (విజయవాడ)

జవాబు: ఉక్కైతే చేయొచ్చు. అల్యూమినియం ఫ్రేము అయితే ముట్టుకోవద్దు, పగులుతుంది, పగిలేది కూడా తొక్కుతున్నప్పుడే. ఉక్కులోనూ వెనక ఖాళీ 110 మి.మీ. నుంచి 120 దాకా సరే, అంతకు మించితే అనుభవం ఉన్నవాళ్ళ చేత చేయించండి. మీకు ఆటోనగర్ ఉంది కదా, అక్కడ వెల్డర్లకి కొదవ లేదు, కానీ వేడి చేసి వంచుతానంటే వద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడే, కొద్దికొద్దిగా, ఒక్కో వైపు విడివిడిగా విప్పాలి.

తర్వాత దారం పరీక్ష తప్పనిసరి. ఫ్రేములో వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి ఒకదానికి దారం కట్టి, ముందు ఫోర్కు దూరే ఫ్రేము గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు గాడికి బిగుతుగా కట్టండి. సీటు గొట్టానికి, రెండు వైపుల దారానికి మధ్య దూరం సమానంగా రావాలి. రాకపోతే ఒక వైపు ఎక్కువ విప్పారన్నమాట. అలాగే వదిలేస్తే చక్రం వంకరగా పరుగెడుతుంది, చైను కోస్తుంది.

ప్రశ్న: నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. మా నాన్నగారి 24 అంగుళాల ఫ్రేము సైకిల్‌ని రోడ్ బైక్ చేసుకుని తొక్కాలని ఉంది. సన్న చక్రాలు వేస్తే ఎత్తు తగ్గుతుందా అండి? (రాజమహేంద్రవరం)

జవాబు: మీ కోరిక అర్థమైంది, నాన్నగారి సైకిల్ మీద ఉండే ప్రేమ వేరు. కానీ 28 × 1½ నుంచి 700 × 28 కి మారితే ఎత్తు తగ్గేది 17 మి.మీ. కూడా ఉండదు, మీకు అది చాలదు. దిగి నిలబడినప్పుడు అడ్డ బారుకి, మీకు మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, ట్రాఫిక్‌లో హఠాత్తుగా ఆగినప్పుడు ఒంటికాలి మీద ఒరిగిపోకూడదు. సీటు దించినంత మాత్రాన బారు దిగదు. దాన్ని ఓవరాయిలింగ్ చేయించి ఇంట్లో పొడుగువాళ్ళకి ఇవ్వండి. మీ కాళ్ళ పొడవుకి సరిపడే చిన్న ఫ్రేము గానీ, అడ్డ బారు లేని ఫ్రేము గానీ చూసి దాని మీద ఈ సామాన్లు బిగించండి. నాన్నగారి సైకిల్ గంట, సీటు పనికొస్తే దీనికి పెట్టుకోండి.

ప్రశ్న: గేర్లు కావాలి కానీ డిరైలర్ వద్దు. మార్గం ఉందా? (కరీంనగర్)

జవాబు: ఉంది, హబ్బు లోపలే గేర్లుండేది. స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ అని మూడు గేర్ల హబ్బు 1936 నుంచి ఉంది. ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌లో తయారయ్యేది, ఇప్పుడు ఆ కంపెనీ తైవాన్ వాళ్ళది. మధ్య గేరు మామూలు, కిందిది నాలుగో వంతు తేలిక, పైది మూడో వంతు బరువు. చైను పక్కకి జరగదు, ఫ్రేముకి డిరైలర్ తగిలించే కొక్కెం అక్కర్లేదు, వానకీ దుమ్ముకీ తట్టుకుంటుంది. పాత ఫ్రేముని బాగు చేసుకునే ప్రతివాళ్ళకీ డబ్బులుంటే నేను చెప్పేది ఇదే. రంధ్రాలు 36 వి తీసుకోండి.

ప్రశ్న: పాత సైకిల్ మార్పించాక తొక్కుతుంటే ప్రతి చుట్టుకీ ఎడమ పెడల్ దగ్గర టక్ టక్ అంటోంది. బాల్స్ మార్చినా పోలేదు. (కర్నూలు)

జవాబు: అది బాల్స్ పని కాదు, కాటర్ పిన్ను. క్రాంక్ చేతిని ఇరుసుకి పట్టి ఉంచే ఆ వాలు పిన్ను కొంచెం అరిగినా చేయి ఆడుతుంది. నట్టు బిగిస్తే పోతుందని దాన్నే తిప్పకండి, మర తెగుతుంది. పిన్ను ఊడదీయాలన్నా, కొత్తది దించాలన్నా క్రాంక్ చేయి కింద మందపాటి ఇనుప గొట్టం ముక్క ఆనించి, నేల దాకా ఆధారం ఉండేలా చూసి, అప్పుడు సుత్తితో ఒక్క గట్టి దెబ్బ. ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బ బాల్స్ కప్పుకి తగిలి గుంటలు పడతాయి.

కొత్తది కొనేటప్పుడు పాత పిన్ను జేబులో పెట్టుకుని వెళ్ళండి, 9 మి.మీ., 9.5 మి.మీ. రెండు రకాలూ షాపుల్లో కలిసే ఉంటాయి. రెండు వైపులా పిన్నులు ఎదురెదురు దిక్కుల్లో దూరాలి, లేకపోతే పెడళ్ళు రెండూ ఒక వరసలో ఉండవు. దించాక నట్టు వేసి, 20, 30 కి.మీ. తొక్కి, మళ్ళీ ఒకసారి సుత్తితో దించి నట్టు బిగించండి. టక్ టక్ ఇంకా ఉంటే పెడల్ ఇరుసు చూడండి, ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని మాత్రం మర్చిపోకండి.